గడియ మీద చెయ్యి

పోయినవారం మన కత్తెరమ్మని చర్చి హాలు గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టించి వదిలేశాం. పాపం, వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. ఇంకా నిలబెడితే బాగుండదు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేసి ఆమెని లోపలికి పంపిద్దాం.

కత్తెరమ్మ టీవీ సీరియళ్ళ ఎడిటరు. తీసిన బొమ్మంతా ముందేసుకుని అక్కర్లేనిది కోసి, కావలసింది అతికించే పని కాబట్టి స్టూడియోలో ఆ పేరు పెట్టారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. నాలుగేళ్ళు నడిచిన ఒక సీరియల్ ఆఖరి భాగం ఈమె చేతిమీదుగానే వెళ్ళింది. కూతుర్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టిన తల్లి కథ అది. చివర్లో ఎవరో తలుపు తడతారు. తల్లి లేచి వచ్చి గడియ మీద చెయ్యి వేస్తుంది. అంతే, తెర నల్లబడుతుంది. బయట ఉన్నది కూతురా కాదా, తలుపు తీసిందా లేదా, ఒక్కటీ చెప్పరు. జనం మొదట తిట్టారు, తర్వాత ఆలోచనలో పడ్డారు, ఆ తర్వాత ఆహా ఓహో అన్నారు. ఆ గడియ ప్రేక్షకుడే తియ్యాలన్నది తన ఉద్దేశమని డైరెక్టరు పేపరువాళ్ళ దగ్గర చెప్పుకున్నాడు.

ఉద్దేశమూ లేదు, గిద్దేశమూ లేదు. అది కత్తెరమ్మ చేసిన పొరపాటు. ఆరోజు తలుపు చప్పుడు సరిగ్గా కుదిరిందో లేదో మళ్ళీ మళ్ళీ వినడానికి, గడియ మీద చెయ్యి పడ్డ చోట ఔట్ మార్క్ పెట్టుకుంది. ఔట్ మార్క్ అంటే ఇక్కడిదాకానే నడిపించు అని మెషీన్‌కి పెట్టే గుర్తు. పనయ్యాక దాన్ని తీసెయ్యాలి. ఛానల్ నుంచి ఫోన్ మీద ఫోన్ వస్తుంటే ఆ కంగారులో మర్చిపోయి, భాగాన్ని అలాగే పంపించేసింది. మెషీన్‌కేం తెలుసు, గుర్తు దాకా పంపి ఊరుకుంది. మిగతా నలభై సెకన్లు ఎడిటింగ్ గది దాటలేదు. డైరెక్టరు మొదట ఆమె మీద మండిపడ్డాడు. మెచ్చుకోళ్ళు మొదలయ్యేసరికి చల్లబడి, నోరు మెదపొద్దన్నాడు.

ఇది నవ్వుకుని వదిలెయ్యాల్సిన సంగతే. వదలనివ్వంది వాళ్ళ పాస్టరుగారు. ఆయనకో అలవాటుంది. ఎటూ తేల్చకుండా ఆగిపోయిన సీరియల్ ఏదైనా ఉంటే, శనివారం మధ్యాహ్నం చర్చి హాల్లో టీవీ పెట్టి, ఆఖరి భాగం మళ్ళీ వేసి, వచ్చినవాళ్ళందరి చేతా మాట్లాడిస్తారు. దానికి ముగింపుల కూటం అని పేరు. ఈ గడియ మీద అయితే ఆయనకి ఆగలేక, కూటం దాకా చూడకుండా రెండు ఆదివారాలు ప్రసంగాలే చేసేశారు. తట్టేవాడు ప్రభువు, గడియ మాత్రం మన వైపే ఉంది అన్నారు.

ఆ మాట విన్నవాళ్ళలో పెద్దమ్మ ఒకరు. తల్లీ తండ్రీ లేని కత్తెరమ్మని పెంచింది ఆవిడే. కర్టెన్లు కుట్టి ఇల్లు నడిపిన మనిషి. తొమ్మిదేళ్ళ కిందట, తండ్రి చివరిచూపుకి అందలేదని కన్నకూతురి ముఖం మీదే తలుపు వేసి గడియ పెట్టింది. కత్తెరమ్మ అక్కా అని పిలిచే ఆ కూతురు ఆరోజు నుంచీ ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. అలాంటి పెద్దమ్మ, రెండో ప్రసంగం విని ఇంటికి వచ్చి, కర్టెన్ గుడ్డ పక్కన పడేసి ఉత్తరం రాసింది. గడియ తీస్తాను, రా అని. శనివారం నాలుగు గంటలకి వస్తానని అక్క నుంచి జవాబు వచ్చింది.

ఆ శనివారం ఇదే. హాలు గోడ మీద గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. పొరపాటున ఆగిన బొమ్మని పట్టుకుని పెద్దమ్మ ఇంత దూరం వచ్చేసిందని కత్తెరమ్మకి వారం రోజులుగా అన్నం సయించడం లేదు. రేపు ఎవరి నోటో ఈ సంగతి తెలిస్తే ఆవిడ తనని ఆటపట్టించారనుకుంటుంది, కొయ్యబారిపోతుంది, ఈసారి వేసే గడియ ఇక జన్మలో తియ్యదు. అక్క రాకముందే, తన నోటితోనే చెప్పెయ్యాలి. అందుకే వచ్చింది, వచ్చి గుమ్మంలో బిగుసుకుపోయింది.

లోపల పదిహేనుమంది దాకా ఉన్నారు. మడతకుర్చీలు గుండ్రంగా వేసి, బల్ల మీద టీవీ పెట్టారు. గోడవారన టీ ఫ్లాస్కు, పేపరు కప్పుల దొంతర. రిమోట్ ఎప్పటిలాగే పాస్టరుగారి చొక్కా జేబులో ఉంది. వెనక వరసలో పెద్దమ్మ ఒళ్ళో గుడ్డ పెట్టుకుని అంచు మడిచి కుడుతోంది. చేతులు ఖాళీగా ఉంటే ఆవిడకి ఏ మాటా చెవికెక్కదు. ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది.

ఈ కూటానికి ఒకటే కట్టుబాటు. ఎవరు మాట్లాడినా "నాకు కనపడింది" అని మొదలుపెట్టాలి. అర్థం ఇదే అని తీర్పు చెప్పకూడదు, పక్కవాళ్ళ మాట కొట్టెయ్యకూడదు. ముందు వరసలో కూర్చునే కండక్టరు మామయ్య, బస్సు కండక్టరుగా రిటైరైన ఆయన, కిందటిసారి అందరి నోళ్ళూ మూయించాడు. అప్పుడు చూసింది పొగమంచులోకి పడవెక్కి మాయమైపోయిన దొంగ కథ. తనకి కనపడింది ఏంటంటే, వాడి చేతిలో టిక్కెట్టు లేదు, అయినా పడవవాడు ఎక్కించుకున్నాడు, కృప అంటే అదే అన్నాడు. ముప్ఫై ఏళ్ళు టిక్కెట్లు కొట్టిన మనిషి ఆ మాట అంటే ఎవరు కాదంటారు?

పాస్టరుగారు ఆఖరి భాగం వేశారు. చెయ్యి గడియ మీద పడింది. తెర నల్లబడింది. ఆయన రిమోట్ జేబులో పెట్టుకుని, ఇద్దరు కొడుకుల తండ్రి కథ ఎత్తుకున్నారు. తిరిగొచ్చిన చిన్నవాడి సంగతి అందరికీ గుర్తుంటుంది గానీ, అలిగి బయట నిలబడ్డ పెద్దవాడి సంగతి ఎవరూ తలుచుకోరన్నారు. తండ్రి బయటికి వచ్చి బతిమాలాడు. పెద్దవాడు లోపలికి వెళ్ళాడా, వెళ్ళలేదా? ప్రభువు చెప్పలేదు. కథని గుమ్మంలోనే ఆపేసి, విన్నవాళ్ళ ముఖాల్లోకి చూసి ఊరుకున్నారు. ఈ సీరియల్ తీసినవాళ్ళు ఎవరో గానీ ఆ కిటుకు పట్టుకున్నారని పాస్టరుగారు తెగ మెచ్చుకున్నారు.

ఇక్కడ కత్తెరమ్మకి చెవులు వేడెక్కాయి. గుమ్మంలో నుంచే చెయ్యి ఎత్తింది. అందరూ వెనక్కి తిరిగారు. నాకు కనపడింది అని మొదలుపెట్టబోయి నీళ్ళు నమిలింది.

"కనపడింది కాదు అయ్యగారూ, నేను చేసింది చెప్తాను. ఆ ముగింపు ఎవరూ ఆలోచించి పెట్టింది కాదు. గుర్తు తియ్యడం మర్చిపోయాను. అక్కడితో తెగిపోయింది."

ఒకసారి నోరు పెగిలాక ఇక ఆగలేదు. ఔట్ మార్క్ సంగతీ, ఫోన్ల సంగతీ, డైరెక్టరు చల్లబడ్డ సంగతీ పూసగుచ్చినట్టు చెప్పేసింది. చెబుతున్నంతసేపూ పెద్దమ్మ వైపు చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందని తెలుసు.

ముందుగా తేరుకున్నది కండక్టరు మామయ్యే. అంటే స్టాపు రాకముందే మమ్మల్ని దించేశావన్నమాట అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. పాస్టరుగారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ తుడిచారు. రెండు ప్రసంగాలు చేసిన మనిషి, పైగా ఇప్పుడే నిండు కూటంలో మెచ్చుకుని కూర్చున్న మనిషి. ముఖం ఎక్కడ పెట్టుకుంటారు? ఆయన మెడ దాకా ఎర్రబడటం అందరూ చూశారు.

కండక్టరు మామయ్య మాత్రం వదల్లేదు. ఆ నలభై సెకన్లలో ఏముందని అడిగాడు. సరిగ్గా ఆ ప్రశ్న రాకూడదనే కత్తెరమ్మ వారం రోజులుగా దేవుణ్ణి వేడుకుంటోంది. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. తల్లీ కూతుళ్ళు కౌగిలించుకున్నారంటే పోయేదేముంది? ఎవరు చూడొచ్చారు? కానీ ఒక అబద్ధం కడుక్కోవడానికి వచ్చి ఇంకొకటి పూసుకుని పోవడం ఆమె వల్ల కాలేదు.

"తల్లి తలుపు తీస్తుంది. బయట ఎవరూ ఉండరు. గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటూ ఉంటుంది. ఆ చప్పుడే ఆవిడ విన్నది. అంతే, అయిపోతుంది."

ఎవరి కప్పు వాళ్ళు చూసుకున్నారు. వెనక వరసలో సూది ఆగింది. ఇప్పుడు మాత్రం కత్తెరమ్మ చూడక తప్పలేదు. పెద్దమ్మ గుడ్డ మడిచి, సూది దానికే గుచ్చి, సంచిలో పెట్టుకుంది. లేచి నిలబడింది. అయిపోయింది, అంతా నా చేతులతో నేనే కాల్చేశాను అనుకుంది కత్తెరమ్మ.

"ఎవరూ లేకపోయినా, తలుపైతే తీసిందిగా?" అని అడిగింది పెద్దమ్మ.

"తీసింది, పెద్దమ్మా."

"మరింకేం. ముఖం వేలాడేసుకుని నిలబడతావెందుకు? వచ్చి కూర్చో."

కత్తెరమ్మ రెండు కాళ్ళూ లోపలికి పెట్టింది. ఎలా నడిచిందో, ఏ కుర్చీలో కూలబడిందో ఆమెకే తెలియదు. వారం రోజులుగా గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఎవరో చేతిలో టీ కప్పు పెడితే ఒక్క గుక్కలో తాగేసి నాలుక కాల్చుకుంది.

పాస్టరుగారికి కూడా ప్రాణం లేచొచ్చింది. ముగింపుల కూటం మొదలుపెట్టి ఆరేళ్ళయినా, కర్టెన్లు కుట్టే మనిషి ఇంత సూటిగా మాట్లాడటం ఇదే మొదటిసారి అన్నారు. తర్వాత కత్తెరమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నీ తప్పుని తీసుకెళ్ళి దేవుడి నెత్తిన పెట్టనమ్మా. తప్పు నీదే. సోమవారం ఆ డైరెక్టరుకి చెప్పు, ఇక ఈ అబద్ధం మోయనని. కానీ ఒక సంగతి విను. ప్రభువు సమాధి దగ్గరికి ఆడవాళ్ళు వెళ్ళిన కథ ఉంది కదా. ఒకాయన రాసిన దాంట్లో, బాగా పాత ప్రతుల్లో, వాళ్ళు భయపడి పారిపోయారు, ఎవరికీ ఏమీ చెప్పలేదు అన్న చోటే ఆగిపోతుంది. అక్కడితో ఆపాలనే ఆపాడా, రాస్తూ రాస్తూ లేచి వెళ్ళిపోయాడా, చివరి ముక్క చిరిగిపోయిందా, ఇప్పటికీ ఎవరూ తేల్చలేకపోయారు. మరి వాళ్ళు ఎవరికీ చెప్పకపోతే, మనకెలా తెలిసింది?"

కత్తెరమ్మ ఆలోచించి, తర్వాతెప్పుడో చెప్పి ఉంటారు అంది.

"అదే. భయం తీరాక ఎవరో ఒకరు నోరు విప్పారు. కాగితం ఎక్కడ ఆగినా, ఆడవాళ్ళు అక్కడ ఆగలేదు." ఆయన గొంతు తగ్గించారు. "నువ్వు ఇంకేమైనా చెప్పాలా, అమ్మా?"

ఏం లేదు అయ్యగారూ అంది కత్తెరమ్మ, చటుక్కున. చటుక్కున చెప్పిన మాట ఎలాంటిదో మీకూ తెలుసు, పాస్టరుగారికీ తెలుసు. ఆయన మరి రెట్టించలేదు.

ఉంది. అది ఇన్ని వారాలుగా మనకి కూడా చెప్పలేదు. తొమ్మిదేళ్ళ కిందట పెదనాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఉదయం ఎనిమిదింటికి పెద్దమ్మ కత్తెరమ్మకి ఒకటే పని చెప్పింది. అక్కకి ఫోన్ చేసి వెంటనే బయల్దేరమను అని. అప్పుడు కత్తెరమ్మ ఉద్యోగంలో చేరి నెలయింది. ఎడిటింగ్ గదిలోకి వెళ్ళేముందు ఫోన్లు బయట పెట్టెలో పడెయ్యాలి. భోజనం వేళ చేద్దాంలే అనుకుంది. పనిలో పడితే భోజనం వేళే గుర్తులేదు. ఫోన్ చేసేసరికి సాయంత్రం ఆరు. అక్క ఉండే ఊరి నుంచి బస్సు రోజుకి ఒక్కటే, అది మధ్యాహ్నమే వెళ్ళిపోయింది. అక్క వచ్చేసరికి పెదనాన్నని మట్టిలో పెట్టేశారు. గుమ్మంలో పెద్దమ్మ అనరాని మాటలు అంటుంటే, అక్క నిజం చెప్పలేదు. తల్లి భుజం మీదుగా కత్తెరమ్మ వైపు చూసి, చెప్పకు అన్నట్టు తల అడ్డంగా ఊపింది, అంతే. పెద్దమ్మ ఏమీ చూడకుండా తలుపు వేసింది.

అప్పుడు కత్తెరమ్మకి ఇరవై ఏళ్ళు. భయపడింది, చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకుంది. మర్నాళ్ళు తొమ్మిదేళ్ళయ్యాయి.

హాలు నుంచి మూడున్నరకి పెద్దమ్మా కత్తెరమ్మా ఇంటికి వచ్చారు. పెద్దమ్మ కుట్టుమిషను మీద గుడ్డ కప్పింది. దారప్పోగులు ఏరింది. కుర్చీలు జరిపింది, మళ్ళీ మొదటి చోటికే జరిపింది. తలుపు గడియ బిగుసుగా ఉందని నూనె రాసింది. కొత్త కర్టెను తగిలించి, అంచు సరిగ్గా లేదని తీసి, మళ్ళీ తగిలించింది. మధ్యలో ఆగి, బస్సు ఆలస్యమైతే ఏం చేస్తుందో అంది. రాకపోతే అన్న మాట మాత్రం ఆవిడ నోట రాలేదు. చేతులు కడుక్కోవడం అది నాలుగోసారి.

కత్తెరమ్మ వంటింటి గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. హాల్లో దిగిన బరువు హాయిగానే ఉంది. ఆ హాయి వల్లే మిగిలిన బరువు ఎంతో తెలుస్తోంది. అక్క వచ్చాక చెప్పొచ్చులే అని మనసు సర్దిచెప్పబోయింది. భోజనం వేళ చేద్దాంలే అన్నది కూడా ఈ మనసే అని గుర్తొచ్చింది.

నాలుగుకి రెండు నిమిషాలు ఉండగా తలుపు చప్పుడైంది. మూడుసార్లు, మెల్లగా. కిటికీ రెక్కలన్నీ పెద్దమ్మ పొద్దున్నే బిగించింది, గాలి అనుకోవడానికి వీల్లేదు.

పెద్దమ్మ లేచి వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసింది.

"ఆగు, పెద్దమ్మా." కత్తెరమ్మ గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. "అక్క తప్పేం లేదు. ఆరోజు నువ్వు పొద్దున చెప్తే నేను సాయంత్రం ఫోన్ చేశాను. మర్చిపోయాను. నా వల్లే అక్కకి పెదనాన్న చివరిచూపు దక్కలేదు. ఈ గడియ నా మీద పడాల్సింది."

పెద్దమ్మ వెనక్కి తిరగలేదు. చెయ్యి గడియ మీదే ఉంది. బయట మళ్ళీ తట్టారు.

"తెలుసు," అంది పెద్దమ్మ. "మూడోరోజే తెలిసింది. మీ అక్కతో కలిసి ఉండే పిల్ల వచ్చి చెప్పింది, ఫోన్ ఎన్నింటికి వచ్చిందో. తెలిశాక కూడా నేను తియ్యలేదు. అన్ని మాటలు అన్నాక ఏ ముఖం పెట్టుకుని తియ్యను? నువ్వు చెబితే ఆ వంకన తీద్దామని చూశాను. నువ్వు చెప్పలేదు. ఆ సీరియల్ ఒక వంక దొరికింది."

తొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకే భోజనాల బల్ల దగ్గర, ఇద్దరూ ఒకే సంగతి దాచుకుని కూర్చున్నారన్నమాట. ఏడవాలో, పెద్దమ్మని పట్టుకుని కుదిపెయ్యాలో కత్తెరమ్మకి తెలియలేదు. తెలియకుండానే ముందుకు నడిచి, ఆవిడ చెయ్యి మీద తన చెయ్యి వేసింది.

ఇది టీవీ కాదు. ఎవరూ ఎక్కడా గుర్తు పెట్టలేదు, తెర నల్లబడలేదు. నూనె రాసిన గడియ చప్పుడు లేకుండా జారింది, తలుపు తెరుచుకుంది.

బయట అక్క ఉంది. చిక్కింది. చెవుల పక్కన రెండు పాయలు తెల్లబడ్డాయి. చేతిలో సంచి కింద పెట్టనేలేదు, లోపలికి రావచ్చో లేదో తేలనట్టు. తల్లిని ఒక్క క్షణమే చూసింది. ఆవిడ భుజం మీదుగా కత్తెరమ్మ కన్నీళ్ళు కనపడగానే బెదిరిపోయి, తొమ్మిదేళ్ళ కిందటిలాగే, చెప్పకు అన్నట్టు మెల్లగా తల అడ్డంగా ఊపింది.

ఈసారి పెద్దమ్మ కూడా చూసింది.